గంటల తరబడి కూర్చునే పనికి సీటు మెత్త: కొలత, ఎంపిక, కుట్టు, వాడకం

రాయదుర్గంలో జీన్సు కుట్టే టైలరు, ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీర నేసే మనిషి, ప్రొద్దుటూరు బంగారు అంగట్లో తలవంచి పని చేసే కంసాలి, 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి అనంతపురానికి బండి తోలే డ్రైవరు, నంద్యాలలో బ్యాంకు పరీక్షకు ప్లాస్టిక్ కుర్చీలో రోజంతా చదివే పిల్ల. పనులు వేరు, కూర్చునే తీరు వేరు. అంగడికి పోయినప్పుడు మాత్రం అందరూ అడిగేది ఒకటే: "బాగా మెత్తగా ఉండేది ఇవ్వన్నా."

తప్పు అక్కడే మొదలవుతుంది. చేత్తో నొక్కితే దూదిలా దిగిపోయే మెత్త అంగట్లో హాయిగానే ఉంటుంది. పది నిమిషాలు కూర్చుంటే ఎముక దాని అడుగున ఉన్న చెక్కనో ప్లాస్టిక్‌నో తాకుతుంది. ఇక మెత్త ఉన్నా లేకున్నా ఒకటే. మంచి మెత్త చేయాల్సింది రెండు పనులు: బరువును రెండు ఎముకల మొనల మీద నుంచి పిర్రలు, తొడల మీదికి పరచాలి. నడుమును వెనక్కి కూలబడనీయకుండా ఆపాలి. మూడో సంగతి చాలామందికి తట్టదు. మెత్త వేయగానే మీ సీటు ఎత్తు మారుతుంది. దానితోపాటు బల్ల, పెడలు, స్టీరింగు, మగ్గం అన్నిటితో మీకున్న లెక్క మారుతుంది. మెత్త కొని కూడా నడుము నొప్పి ఎక్కువైందని చెప్పేవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఈ మూడో దగ్గరే.

నొప్పి ఎక్కడో ముందు తేల్చుకోండి

గట్టి బల్ల మీద కూర్చుని అరచేతులు పిర్రల కింద పెట్టండి. రెండు వైపులా గట్టిగా తగిలేవే కూర్చునే ఎముకలు. వాటికి వెనక, మధ్యలో, చీలిక పైభాగాన వేలికి తగిలేది ముడ్డి ఎముక. నిటారుగా కూర్చుంటే బరువు మొదటి రెండింటి మీద ఉంటుంది. వెనక్కి జారగిలబడితే ముడ్డి ఎముక మీదికి పోతుంది.

నొప్పి ఆ రెండు ఎముకల దగ్గరే ఉండి, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గిపోతుంటే మందమున్న చదునైన మెత్త చాలు. నొప్పి ముడ్డి ఎముక దగ్గరుండి, కూర్చున్నచోటు నుంచి లేచే క్షణంలో చురుక్కుమంటే వెనక కోత (ముడ్డి ఎముక సీటుకు తగలకుండా కోసి వదిలిన ఖాళీ) ఉన్న మెత్త కావాలి. నొప్పి నడుములో ఉంటే మెత్త కన్నా సీటు వాలు, బల్ల ఎత్తు ముఖ్యం. తొడల కింద తిమ్మిరెక్కుతుంటే సీటు ఎత్తు ఎక్కువైనా అయ్యుండాలి, సీటు ముందు అంచు తొడను కోస్తూనైనా ఉండాలి. అప్పుడు మెత్త వేస్తే ఎత్తు ఇంకా పెరిగి తిమ్మిరి పెరుగుతుంది.

మగవాళ్లకు ఒక మాట. ప్యాంటు వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చునే అలవాటుంటే మెత్త కొనేముందు వారం రోజులు పర్సు తీసి చూడండి. ఒక పిర్ర కింద అర అంగుళం ఎత్తున్నా తుంటి పక్కకు ఒరుగుతుంది, పిర్రలో నుంచి కాలికి పోయే నరం దగ్గర ఒత్తిడి పడుతుంది. కొందరికి పర్సు తీస్తేనే సరిపోతుంది.

మూడు కొలతలు తీసుకోకుండా కొనొద్దు

మొదటిది ఎముకల మధ్య దూరం. అంగట్లో పారేసే అట్టపెట్టె నుంచి అడుగు చదరం ముక్క కోసి గట్టి స్టూలు మీద వేయండి. పలచటి బట్టలతో దాని మీద నిటారుగా రెండు నిమిషాలు కూర్చోండి. పాదాలు నేల మీద, మోకాళ్లు కొంచెం పైకి ఉంటే అచ్చు బాగా పడుతుంది. లేచాక అట్ట మీద రెండు గుంతలు కనిపిస్తాయి. ఒకదాని నడుమ నుంచి ఇంకోదాని నడుమకు కొలవండి. పెద్దవాళ్లలో ఇది సాధారణంగా 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఆడవాళ్లకు కొంచెం ఎక్కువ. ముడ్డి ఎముక కోసం కోత ఉన్న మెత్త కొనేటప్పుడు ఈ అంకె అక్కరకొస్తుంది. కోత వెడల్పు ఎముకల మధ్య దూరం కన్నా కనీసం 3, 4 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. లేదంటే ఎముకలు కోతలోకే జారతాయి, బరువంతా కోత అంచుల మీద పడి పిర్రలు నలిగినట్టవుతాయి.

రెండోది కాలి ఎత్తు. పని చేసేటప్పుడు కాళ్లకు ఏముంటే అదే ఉంచుకుని, చెప్పులైతే చెప్పులతో, వట్టి కాళ్లయితే వట్టి కాళ్లతో, నేల నుంచి మోకాలి వెనక మడత వరకు కొలవండి. సీటు, దాని మీద మీ బరువుకు అణిగిన మెత్త, రెండూ కలిపి ఈ కొలతకు సమానంగానో అర అంగుళం తక్కువగానో ఉండాలి.

మూడోది సీటు లోతు. వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు మోకాలి వెనక మడతకు, సీటు ముందు అంచుకు మధ్య మూడు వేళ్ల సందు ఉండాలి. మెత్త లోతు సీటు లోతును మించకూడదు. 18 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు మామూలు కుర్చీలకు సరిపోయే సైజు. పొట్టివాళ్లకు 15 అంగుళాల లోతు మేలు.

మెత్త అణిగితే ఎంత మిగులుతుందో లేబుల్ మీద ఉండదు. మీరే కొలుచుకోవచ్చు. గోడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని మోచేతిని తొంభై డిగ్రీలు మడిచి, మోచేతి అడుగు తగిలేచోట గోడ మీద సుద్దముక్కతో గీత గీయించండి. మెత్త వేసుకుని పది నిమిషాలు కూర్చున్నాక మళ్లీ గీయించండి. రెండు గీతల మధ్య దూరమే ఆ మెత్త మీకిచ్చే అసలు ఎత్తు. 3 అంగుళాల మెత్త చాలామందికి ఒకటిన్నర, రెండు అంగుళాలే ఇస్తుంది. బల్లను, పెడలును సరిచేసుకోవాల్సింది ఈ లెక్క ప్రకారం.

ఫోమ్ సంగతి

అంగట్లో "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అంటారు. ఒక ఘనపు మీటరు ఫోమ్ అన్ని కిలోలు తూగుతుందని దాని అర్థం. గట్టిదనానికి దీనికి సంబంధం లేదు. డెన్సిటీ తక్కువున్న గట్టి ఫోమ్ ఉంటుంది, ఎక్కువున్న మెత్తటి ఫోమ్ ఉంటుంది. డెన్సిటీ చెప్పేది ఎన్నాళ్లు నిలుస్తుందన్నది. గట్టిదనం చెప్పేది కూర్చుంటే ఎంత దిగుతుందన్నది. రెండూ వేరువేరుగా అడగాలి.

డెన్సిటీ నిజమో కాదో పక్కనున్న కిరాణా అంగడి త్రాసు చెబుతుంది. 18 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు, 3 అంగుళాల మందం ఉన్న వట్టి ఫోమ్ ముక్క 18 డెన్సిటీ అయితే దాదాపు 255 గ్రాములు తూగుతుంది. 32 అయితే 450, 40 అయితే 565, 50 అయితే 700 గ్రాముల దరిదాపు. 40 అని చెప్పిన ముక్క 300 గ్రాములే తూగితే తీసుకోవద్దు. తూకం సరిపోయినా ఇంకో పరీక్ష మిగిలి ఉంటుంది, ఎందుకంటే బరువు కోసం సుద్దపొడి కలిపిన ఫోమ్ కూడా వస్తుంది. కోసిన అంచును రెండు వేళ్లతో గట్టిగా నలిపి చూడండి. పొడి రాలితే వదిలేయండి. పిడికిలితో పది సెకన్లు నొక్కి వదిలితే మామూలు ఫోమ్ అప్పటికప్పుడే లేవాలి. గుంత అలాగే నిలిస్తే ఆరు నెలలు కూడా రాదు.

మెమరీ ఫోమ్ దీనికి మినహాయింపు. అది నెమ్మదిగా లేవడమే దాని గుణం. ఒంటి వేడికి కరిగినట్టుగా ఒంటి ఆకారం పడుతుంది, ఒత్తిడిని బాగా పరుస్తుంది. కానీ అది వేడికి మెత్తబడే సరుకు. చల్లటి ఏసీ గదిలో బాగా పనిచేసిన మెమరీ ఫోమ్, మే నెలలో 42 డిగ్రీల ఎండలో రేకుల కప్పు కింద పూర్తిగా దిగిపోయి ఎముకను సీటుకు ఆనిస్తుంది. వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి చెమట కూడా ఎక్కువ. కర్నూలు, కడప, అనంతపురంలో ఏసీ లేని చోట కూర్చునేవాళ్లు మూడు అంగుళాలూ మెమరీ ఫోమే ఉన్న మెత్త కొనొద్దని గట్టిగా చెబుతాం. కావాలంటే పైన అర అంగుళమో, అంగుళమో మెమరీ ఫోమ్, కింద గట్టి ఫోమ్ ఉన్నది తీసుకోండి.

హెచ్ఆర్ ఫోమ్ అని అడిగితే ఇచ్చేది బాగా ఎగిరే గుణమున్న ఫోమ్. సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర దొరుకుతుంది. ఎండకు మెమరీ ఫోమ్ అంతగా లొంగదు. మన ప్రాంతానికి ఇదే నమ్మకమైన సరుకు. రీబాండెడ్ ఫోమ్ అంటే ఫోమ్ ముక్కలను నొక్కి అతికించిన రంగురంగుల బిళ్ల. డెన్సిటీ 80 నుంచి 120 వరకు ఉంటుంది, పలకలా గట్టిగా ఉంటుంది. దాని మీదే కూర్చోవడానికి బాగుండదు, అడుగు పొరగా మాత్రం దానికి సాటి లేదు. తెల్లగా, తేలికగా, నొక్కితే కరకరమనే ప్యాకింగ్ ఫోమ్ పెట్టి కుట్టిన మెత్తలు కొన్ని సంతల్లో వస్తాయి. వారాల్లో నలిగి అట్టముక్కలా అయిపోతుంది, మళ్లీ లేవదు.

తేనెతుట్టెలా గళ్లు గళ్లుగా ఉండే జెల్ మెత్తలో గాలి ఆడుతుంది, ఫ్యాను కింద కూర్చునేవాళ్లకు చెమట తక్కువ. పట్టుకోగానే చల్లగా ఉంటుంది కానీ ఆ చలువ పదిహేను ఇరవై నిమిషాలే, తర్వాత ఒంటి వేడికి సమానమవుతుంది. చల్లదనం చూసి కొనొద్దు, గాలి ఆడడం చూసి కొనండి. ఎండలో నిలిపిన బండిలో దాన్ని వదిలితే సెగ పట్టుకుంటుంది, చెయ్యి పెట్టి చూడకుండా కూర్చోవద్దు.

దూది మెత్తలను తీసిపారేయకండి. ఆదోని పత్తి మార్కెట్టు చుట్టుపక్కల దూది ఏకేవాళ్లు ఉన్నంతకాలం, బాగా దట్టించి, నాలుగు అంగుళాలకొక కుట్టు చొప్పున అడ్డంగా నిలువుగా వేసిన దూది మెత్త గట్టిగా, చల్లగా ఉంటుంది. రెండు మూడు నెలలకు గట్టిపడి చదునవుతుంది, అదే దాని లోపం. మళ్లీ ఏకించుకోవాలి. బూరుగు దూది మరీ తేలిక, తలకింద మెత్తకు బాగుంటుంది గానీ మనిషి బరువుకు ఆగదు.

బరువును బట్టి మందం: 55 కిలోల లోపు మనిషికి 2 అంగుళాల 32 డెన్సిటీ చాలు. 55 నుంచి 80 వరకు 3 అంగుళాల 40 డెన్సిటీ. అంతకు మించితే మందం పెంచడం కన్నా అడుగున ఒక అంగుళం రీబాండెడ్ వేయడం మేలు. 4 అంగుళాలు దాటిన మెత్త ఎవరికైనా ఊగుతుంది. ఊగే సీటు మీద నడుము కండరాలు ఎప్పుడూ బిగబట్టుకునే ఉంటాయి.

దిగిపోయిందో లేదో తెలుసుకునే పరీక్ష: పది నిమిషాలు కూర్చున్నాక ఇంకొకరిని మెత్తకూ సీటుకూ మధ్య అరచెయ్యి పైకి ఉండేలా దూర్చమనండి, సరిగ్గా ఎముక కిందికి. ఎముక చేతికి గట్టిగా తగిలితే మెత్త పనికిరాదు. చేతికీ ఎముకకూ మధ్య అంగుళం మందం మిగిలి ఉండాలి.

ఆకారం

చదునైనది అన్నిటికన్నా తక్కువ ఇబ్బంది పెట్టేది. తెలియకపోతే అదే తీసుకోండి. వెనక అంచున కోత ఉన్నది ముడ్డి ఎముకకు. కోత తప్పకుండా వెనక్కే ఉండాలి. కొందరు తిప్పి వేసుకుని రెండు నెలలు నొప్పి పడతారు. వెనక మందంగా, ముందు పలచగా ఉండే వాలు మెత్త ముందుకు వంగి పనిచేసేవాళ్లకు. 16 అంగుళాల లోతుకు వెనక 3, ముందు 1 అంగుళం ఉంటే వాలు 7 డిగ్రీలవుతుంది. అది చాలు. ఇంకా వాలితే మనిషి ముందుకు జారుతూ, జారకుండా కాళ్లతో తన్నిపట్టుకుని తొడలు నొప్పి చేసుకుంటాడు.

మధ్యలో గుండ్రటి రంధ్రమున్న గాలి రింగు మూలశంకకు, కాన్పు కుట్లకు వాడుతుంటారు. రింగు చుట్టూ ఒత్తిడి పడి మధ్య చర్మం కిందికి సాగుతుంది, రక్తం ఆడదు. పదిహేను ఇరవై నిమిషాలకు మించి దాని మీద కూర్చోవద్దు. మంచం పట్టినవాళ్లకు, చక్రాల కుర్చీలో ఉండేవాళ్లకు పుండ్లు పడకుండా ఉంటాయని దీన్ని కొనిస్తుంటారు. అది మంచికి పోయి చెడు చేయడమే. వాళ్లకు కావాల్సింది చిన్నచిన్న గాలి గదులున్న ప్రత్యేకమైన మెత్త. ఫిజియోథెరపిస్టు చూసి గాలి ఎంత ఉండాలో చెప్పి ఇవ్వాలి.

పనిని బట్టి

టైలరింగ్: ఇక్కడ వాలు మెత్తే మొదటి ఎంపిక. వీపు ఆనే కుర్చీ లేదు, రోజంతా చూపు సూది మీద. చదును స్టూలు మీద తుంటి వెనక్కి తిరిగి వెన్ను విల్లులా వంగుతుంది. వాలు మెత్త తుంటిని ముందుకు తిప్పుతుంది. ఈ పనికి మాత్రం సీటు కాలి ఎత్తు కన్నా ఒక అంగుళం ఎక్కువున్నా పరవాలేదు, తొడలు ముందుకు వాలి ఉంటాయి కాబట్టి. అయితే మీరు ఒకటిన్నర అంగుళం లేస్తే మిషన్ అంత కిందికి పోయినట్టే, మెడ ఇంకా వంగుతుంది. పవర్ మిషన్ స్టాండు కాళ్లకు ఎత్తు మార్చే బోల్టులుంటాయి, స్పానరుతో నాలుగు వైపులా సమానంగా లేపండి. లేని స్టాండుకు చెక్క బిళ్లలు పెట్టండి, ఇటుక వద్దు, అదురుకు జరుగుతుంది. అన్నిటికన్నా తేలికైనది చెక్క స్టూలు కాళ్లను అంతమేరకు కోయించడం. కాలి పెడలు ఒక పక్కకు జరిగి ఉంటే నడుము మెలి తిరుగుతుంది, మెత్త ఏదైనా నొప్పి పోదు. సూదికి, బొడ్డుకు, పెడలుకు ఒకే గీత ఉండేలా స్టూలును జరుపుకోండి.

గుంత మగ్గం: ఇక్కడ మందం శత్రువు. కాళ్లు గుంతలో తొక్కుడు పలకలను అందుకోవాలి, చేతులు అచ్చును (పోగును దగ్గరికి తట్టే చట్రాన్ని) లాగాలి, నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే పనిముట్టు) ఆడాలి. రెండు అంగుళాలు లేస్తే పాదం పలక మీద మునివేళ్లతోనే ఆనుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఒక అంగుళం రీబాండెడ్ ఫోమ్ మీద పలచటి నూలు బట్ట, అంతే. అది దొరక్కపోతే నాలుగు మడతలు పెట్టిన పాత కంబళి ఏ ఫోముకూ తీసిపోదు. గట్టిగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. నేతవాళ్లకు తొడ కిందే ఎక్కువ నొప్పి, కూర్చునే పలక ముందు అంచు కోసుకుపోవడం వల్ల. ఆ అంచును చిత్రిక పట్టించి గుండ్రంగా చేయించడం మెత్త కన్నా ముందు చేయాల్సిన పని.

గద్దె మీద, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు మెత్తను కాళ్ల కింద దాకా పరుచుకుంటారు. అట్లా వద్దు. 3, 4 అంగుళాల గట్టి మెత్తను పిర్రల కిందే పెట్టి, మోకాళ్లను కింది బొంత మీదికి దిగనివ్వండి. మోకాళ్లు తుంటి కన్నా కిందికుంటే వీపు దానంతట అదే నిలబడుతుంది. ఎదురుగా ఉన్న డెస్కు అంతమేరకు పెరగాలి.

ప్లాస్టిక్ కుర్చీ: దీని సీటు వెనక్కి వాలి, మధ్యలో గుంతగా ఉంటుంది. చదును మెత్త వేస్తే గుంత మీద ఊగుతుంది. ముందు గుంతను మడిచిన తువ్వాలుతో నింపి, ఆ పైన వెనక మందంగా ఉండే వాలు మెత్త వేయండి. గంటల కొద్దీ చదివే పిల్లలకు పుస్తకం బల్ల మీద వాలుగా, ఛాతీ ఎత్తుకు దగ్గరగా ఉండాలి. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివితే ఎంత మంచి మెత్తయినా మెడను కాపాడలేదు.

బస్సు, లారీ, కారు: అణిగాక ఒక అంగుళానికి మించి లేపే మెత్త వేయొద్దు. వేశాక బండి కదల్చకముందే నాలుగు చూడండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కొంచెం వంగే ఉండాలి. స్టీరింగుకు తొడకు మధ్య మూడు వేళ్లు పట్టాలి. అద్దాలు మళ్లీ సర్దాలి. బెల్టు పొట్ట మీదికి ఎక్కకుండా తుంటి ఎముకల మీదే ఉండాలి. మెత్తకు వెనక పట్టీ ఉండి సీటుకు కట్టే వీలుండాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మెత్త జారితే మనిషీ జారతాడు. మరీ మెత్తటి ఫోమ్ గతుకుల రోడ్డులో ఊపును తగ్గించదు, పెంచుతుంది. అందుకే డ్రైవర్లకు గట్టిదే మేలు.

దగ్గరుండి చేయించుకోవడం

కొలతకు సరిగ్గా కావాలంటే చేయించుకోవడమే మంచి దారి. కుట్టు మిషన్ ఇంట్లో ఉంటే ఒక పూట పని. 18 x 16 అంగుళాల కోత మెత్తకు కావాల్సినవి: అదే సైజులో 2 అంగుళాల 40 డెన్సిటీ హెచ్ఆర్ ఫోమ్, 1 అంగుళం రీబాండెడ్ ఫోమ్, సోఫాలకు వాడే రబ్బరు గమ్ము 100 గ్రాములు, 36 అంగుళాల పన్నా (వెడల్పు) బట్ట ఒక మీటరు, 20 అంగుళాల జిప్పు ఒకటి, మెత్త జారకుండా అడుగుకు రబ్బరు చుక్కల బట్ట 19 x 17 అంగుళాలు. పైకి గాలి ఆడే మెష్ బట్ట మేలు. నూలు బట్టయితే కోసేముందే ఉతికి ఆరేయండి, లేకుంటే మొదటి ఉతుకుకు కుదించుకుపోయి ఫోమును పట్టదు. రెక్సిన్ వద్దు, మన ఎండకు తొడలకు అతుక్కుంటుంది.

1. రెండు పొరలను ఒకదాని మీద ఒకటి పెట్టి, 18 అంగుళాల వెనక అంచు నడుమన 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల లోతు కోత గీయండి. లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి, చదరంగా కోస్తే అక్కడి నుంచే చిరుగుతుంది. అట్ట మీద మీ ఎముకల దూరం 11 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే కోతను రెండున్నర అంగుళాలకు తగ్గించండి.

2. కొత్త హాక్సా బ్లేడుతో గానీ పొడవాటి కట్టరుతో గానీ, నొక్కకుండా, రంపంలా ఆడిస్తూ కోయండి. నొక్కి కోస్తే పైన 3 అంగుళాలు, అడుగున రెండున్నరగా వంకర వస్తుంది.

3. పై పొర ముందు అంచును అంగుళం మేర ఏటవాలుగా చెక్కేయండి. తొడ కింద ఒత్తిడి పోవడానికి ఇదే కీలకం, అంగట్లో కొన్న చవక మెత్తల్లో ఉండనిది ఇదే.

4. గమ్మును రెండు పొరల అంచుల చుట్టూ అంగుళం పట్టీగా మాత్రమే రాయండి. మధ్యంతా రాస్తే ఆరి పెంకులా గట్టిపడి ఎముకకు గుచ్చుకుంటుంది. పది నిమిషాలు ఆరనిచ్చి వేలికి జిగురుగా తగిలినప్పుడు అతికించండి. కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి చేయండి. గమ్ము ఆవిరి, ఫోమ్ రెండూ నిప్పును ఇట్టే అందుకుంటాయి.

5. పై బట్టను 19 x 17 కోయండి. పక్క పట్టీకి 4 అంగుళాల వెడల్పున 36, 13 అంగుళాల పొడవు ముక్కలు రెండు. జిప్పు కోసం రెండున్నర అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు పట్టీలు రెండు. జిప్పు పట్టీలను అర అంగుళం మడిచి జిప్పుకు కుట్టి, ఆ తర్వాత వెడల్పును 4 అంగుళాలకు సరిచేయండి. అన్నీ కలిపి కుడితే చుట్టుకొలత 68 అంగుళాలు వస్తుంది. అన్ని కుట్లకూ అర అంగుళం వదలండి. జిప్పు వెనక వైపు పెట్టండి, రెండు మూలలూ ఒక్కో అంగుళం దాటేలా. అప్పుడే ఫోమ్ చిరగకుండా లోపలికి పోతుంది.

6. కోత ఆకారాన్ని బట్టలో కుట్టాల్సిన పని లేదు. కోత మీద బట్ట డప్పులా బిగిస్తే మాత్రం కోత ఉన్న ఫలితం పోతుంది. మెష్ అయితే సాగుతుంది. నూలు బట్టయితే అక్కడ చిన్న మడత వదిలి కుట్టండి.

ఒకే మెత్తకు రెండు తొడుగులు కుట్టించుకోండి. గుడ్డ చాలకపోతే ఇంకో మీటరు తీసుకోండి.

వేసుకుని కూర్చోవడం

మెత్తను సీటు వెనక అంచుకు ఆనించండి. ముందు నిలబడి, మోకాళ్ల వెనక భాగం సీటును తాకాక తుంటిని వెనక్కి పంపి కూర్చోండి. ముందు అంచున కూర్చుని వెనక్కి జరిగితే మెత్త ముడత పడి కోత పక్కకు పోతుంది. రెండు ఎముకల మీద బరువు సమానంగా ఉందో లేదో ఒకసారి అటూ ఇటూ ఊగి చూసుకోండి. పాదాలు నేలకు ఆనకపోతే సీటు దించాలి. దించలేకపోతే కాళ్ల కింద పలక పెట్టాలి. నాప బండ ముక్క చక్కగా కుదురుతుంది, జరగదు.

కొత్త మెత్త మీద మొదటి రోజు ఒక గంట, రెండు మూడు రోజులు పూటకు రెండు గంటలు, వారానికి రోజంతా. కూర్చునే భంగిమ మారుతుంది కాబట్టి నడుము కండరాల్లో రెండు మూడు రోజులు సలుపు ఉండొచ్చు. తిమ్మిరి మాత్రం ఉండకూడదు. ఉంటే ఎత్తో, కోతో, ముందు అంచో ఏదో తప్పు ఉంది, వెనక్కి పోయి కొలవండి.

అరగంటకోసారి లేవండి, ఒకటి రెండు నిమిషాలు చాలు. గడియారం చూసి లేవడం ఎవరికీ అలవాటు కాదు, పనికి ముడిపెట్టుకోవాలి. టైలరైతే బాబిన్ నిలబడి చుట్టుకోవచ్చు. అంగట్లో ఉండేవాళ్లు నీళ్ల చెంబును చేతికందకుండా దూరంగా పెట్టుకోవచ్చు. ఫోను వస్తే లేచి మాట్లాడొచ్చు.

ఎండాకాలం, చెమట, ఎలుకలు

మార్చి నుంచి జూన్ దాకా తొడుగు వారానికి రెండుసార్లు ఉతకాలి. చెమట ఉప్పు పట్టిన బట్ట తొడల మధ్య ఒరుసుకుని చెమటకాయలు, దురద తెస్తుంది. ఫోమును ఉతకొద్దు. తడిసిన ఫోమును పిండితే లోపలి గళ్లు చిరుగుతాయి. తడి గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద నిలబెట్టి నీడలో ఆరేయండి. దూది మెత్తను ఎండలో వేసే అలవాటుతో ఫోమును కూడా మిద్దె మీద వేస్తారు. ఎండకు ఫోమ్ పచ్చబడి, పెళుసై, పొడిగా రాలుతుంది. దూదికి ఎండ మందు, ఫోముకు ఎండ విషం.

చదును మెత్తను వారానికోసారి తిప్పి వేయండి. కోత, వాలు ఉన్నవాటిని తిప్పడానికి వీలుండదు, అవి తొందరగా అరుగుతాయి. నెలకోసారి ఉదయం, ఎవరూ కూర్చోకముందు, ఎముకలు ఆనేచోట స్కేలు పెట్టి మందం కొలవండి. 3 అంగుళాలది రెండున్నరకు దిగి మళ్లీ లేవకపోతే మార్చాల్సిందే. మగ్గాల ఇళ్లలో, గింజలు నిల్వచేసే అంగళ్లలో రాత్రి మెత్తను నేల మీద వదలొద్దు. ఎలుకలు ఫోమును కొరికి గూడు కట్టుకుంటాయి, గోడ మేకుకు తగిలించండి.

మెత్తతో పోని నొప్పి

నొప్పి పిర్ర నుంచి మోకాలు దాటి పిక్కలోకి దిగితే, పాదం మొద్దుబారితే, కాలివేళ్లను పైకి లేపడానికి బలం చాలకపోతే అది నరం సంగతి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో గానీ కడప రిమ్స్‌లో గానీ ఎముకల విభాగం ఓపీకి పోండి. తొడల లోపలి వైపు, మూత్రం పోసేచోట చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగినా, తెలియకుండా పోతున్నా ఓపీ రోజు కోసం ఆగొద్దు. ఆ పూటే అత్యవసర విభాగానికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. పడినప్పుడు తగిలిన ముడ్డి ఎముక నొప్పి కోత మెత్త వాడినా మూడు వారాలకు తగ్గకపోతే చూపించుకోవాలి.

చక్కెర జబ్బుతో స్పర్శ తగ్గినవాళ్లు, కాళ్లు చచ్చుబడినవాళ్లు ఉంటే ఇంట్లోవాళ్లు రోజూ రాత్రి పిర్రల దగ్గర చర్మం చూడాలి. ఎర్రటి మచ్చ కనిపిస్తే బరువు తీసేసి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అరగంటకు కూడా ఆ ఎరుపు పోకపోతే, ఆ మెత్త మీద మళ్లీ కూర్చోబెట్టకుండా మరుసటి రోజే డాక్టరుకు చూపించండి.